పెరటి బొమ్మరిల్లు, రెండో పాఠం: పైకి జరిగే మంచె

పోయిన పాఠంలో చోటు కుదిరింది. బావికీ కరెంటు తీగకీ దూరంగా, వంటింటి కిటికీలోంచి కనబడేట్టు, ఆరడుగుల చదరం. ఈ పాఠంలో పునాదులు, స్తంభాలు, మంచె. కప్పు సంగతి వచ్చే పాఠంలో.

బొమ్మరిల్లు అనగానే చాలామంది పిల్లని నిలబెట్టి, కొలిచి, ఆ ఎత్తుకే తలుపూ చూరూ పెట్టేస్తారు. మూడేళ్లప్పుడు సుమారు 95 సెంటీమీటర్లుండే పిల్ల ఆరేళ్లకి 115, పదేళ్లకి 138 దాకా ఎదుగుతుంది. మూడేళ్ల కొలతకి కట్టిన ఇల్లు మరో రెండేళ్లకి కట్టెలు పేర్చుకునే కొట్టు అయిపోతుంది. అందుకని స్తంభాలూ కప్పూ మొదటిరోజే పూర్తి ఎత్తుకి కట్టేద్దాం. మంచె ఒక్కటే మూడు దశల్లో పైకి జరుగుతుంది: మూడేళ్లకి నేలనుంచి అడుగున్నర, ఆరేళ్లకి మూడడుగులు, ఎనిమిది దాటాక నాలుగడుగులు. ముందు స్తంభాలు 10 అడుగులు, వెనకవి 9. మంచె నాలుగడుగులకి ఎక్కినా వెనకవైపు కప్పు దూలం కింద నాలుగున్నర అడుగుల పైచిలుకు మిగులుతుంది. పదేళ్లవాడు నిలబడొచ్చు.

స్తంభాలకి 4×4 అంగుళాల చెక్క కావాలి. ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం వైపు కలప డిపోలో గుగ్గిలం అంటే కొట్టువాడు తెల్లమొహం వేస్తాడు, శాల అని అడగండి. బరువెక్కువ, గట్టి. రంధ్రం వెయ్యకుండా మేకు కొడితే మేకైనా వంగుతుంది, చెక్కైనా చీలుతుంది. బరంపురం తీరం వైపు సరుగుడు వాసాలు చవకే గాని, గుండ్రంగా ఉండటంతో దూలం వాటికి ఆనుకుని కూర్చోదు, మట్టి తగిలినచోట తొందరగా పుచ్చిపోతాయి. ఏ చెక్కనైనా నేలలో పాతకండి. పుచ్చు మొదలయ్యేది మట్టి పైఅంచు దగ్గర, తడీ గాలీ రెండూ తగిలేచోట. చెదలు ఎక్కేదీ అక్కడే.

వెల్డింగు షాపులో 6 మిల్లీమీటర్ల పట్టీతో యూ ఆకారం బూట్లు, అంటే స్తంభం అడుగుని పట్టుకునే తొడుగులు, నాలుగు చేయించండి. ఒక్కోదానికి అడుగున 12 మిల్లీమీటర్ల చువ్వ, అడుగున్నర పొడవు, కొస కొక్కెంలా వంచి. ఆ చువ్వ కాంక్రీటులోకి దిగుతుంది. స్తంభం అడుగు నేలకి రెండంగుళాలు పైన ఉంటుంది, చెదల మట్టి గీత పాకితే కంటికి కనబడుతుంది.

పునాది ఎంత ఉండాలన్నది పిల్ల బరువుని బట్టి కాదు, తుపాను గాలిని బట్టి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లా మీదికి వచ్చిన సంగతి ఇక్కడ ఎవరికీ గుర్తుచెయ్యక్కర్లేదు. గంటకి 150 కిలోమీటర్ల గాలి చదరపు అడుగుకి ఇంచుమించు పది కిలోల ఒత్తిడి పెడుతుంది. చూరుతో కలిపి మన కప్పు 8×8, అంటే 64 చదరపు అడుగులు. అంతా పైకి లాగిందనుకుంటే 640 కిలోలు, స్తంభానికి 160. గుంత 15 అంగుళాల చదరం, రెండడుగుల లోతు తీసి కాంక్రీటు నింపితే దిమ్మ 210 కిలోల దాకా తూగుతుంది. సరిపోతుంది. అడుగు లోతు చాల్లే అన్న మేస్త్రికి ఈ లెక్క చూపించండి.

నాలుగు గుంతలకి పన్నెండున్నర ఘనపుటడుగుల కాంక్రీటు పడుతుంది. సిమెంటు ఒకటి, ఇసుక రెండు, కంకర చిప్స్ నాలుగు పాళ్లలో కలిపితే రెండు బస్తాల పైన కొంచెం, మూడు తెచ్చుకోండి. పొయ్యకముందు బూట్ల మధ్య మూలకి మూల కొలవండి. ఆరడుగుల చదరానికి రెండు మూలకొలతలూ 8 అడుగుల 5¾ అంగుళాలు రావాలి. రెండూ సమానం కాకపోతే చదరం వంకరపోయినట్టే, ఆ వంకర కప్పుదాకా వెంటవస్తుంది. పోసిన కాంక్రీటుని వారంపాటు తడపండి, ఆలోగా స్తంభాలు ఎత్తకండి.

ఎక్కువమంది దెబ్బతినేది బోల్టు రంధ్రాల దగ్గర. స్తంభాల్ని నేలమీద పరిచి, అడుగునుంచి ఒకే కొలత పెట్టి రంధ్రాలు వేసేస్తారు. నాలుగు దిమ్మలూ ఒకే మట్టంలో ఉండవుగా! ఒకటి అరంగుళం దిగితే మంచె వాలుతుంది, గోళీ పెడితే దొర్లిపోతుంది. స్తంభాలు నిలబెట్టి, పక్క ఊతాలు కొట్టాక, నీళ్ల ట్యూబుతో నాలుగింటి మీదా ఒకే మట్టం గీత పెట్టండి, ట్యూబు రెండు కొసల్లోనూ నీరు ఒకే ఎత్తున నిలుస్తుంది. ట్యూబులో గాలిబుడగ లేకుండా చూసుకోండి, ఉంటే గీత అబద్ధం చెబుతుంది. ఆ గీతనుంచి మూడు దశల కొలతలూ గుర్తుపెట్టి, అప్పుడు రంధ్రం వెయ్యండి. మంచె పలక అంగుళం, దానికింది అడ్డకర్ర నాలుగంగుళాలు కాబట్టి వాటిని మోసే దూలం పైఅంచు మంచె ఎత్తుకంటే ఐదంగుళాలు కింద ఉండాలి.

ముందొక దూలం, వెనకొకటి, 2×5 అంగుళాలవి. ప్రతి కలయిక దగ్గరా 12 మిల్లీమీటర్ల బోల్టులు రెండు, ఏడంగుళాల పొడవు, రెండువైపులా వాషర్లు. మొత్తం ఎనిమిది. రంధ్రం 13 మిల్లీమీటర్లు, వానకి చెక్క ఉబ్బినప్పుడు బోల్టు బిగుసుకుపోకుండా. పచ్చి చెక్కైతే ఎండేకొద్దీ కుంచించుకుపోయి నట్టు వదులవుతుంది, నెలకోసారి స్పానరు పట్టండి. ఖాళీ రంధ్రాలకి చెక్కబిరడాలు కొట్టండి. లేదంటే కుమ్మరి పురుగు మట్టి తెచ్చి తనే మూసేస్తుంది, మూడేళ్ల తర్వాత దాన్ని తవ్వి తియ్యడం మీ పని.

దూలాల మీద 2×4 అడ్డకర్రలు, 16 అంగుళాలకొకటి. వాటిపైన అంగుళం పలకలు, మధ్య 5 మిల్లీమీటర్ల సందు. నీరు దిగుతుంది, వేలు పట్టదు. పలకలకి స్క్రూలే. మేకులు కొడితే మంచె జరిపేరోజున సగం పలకలు విరుగుతాయి.

చుట్టూ కంచె 38 అంగుళాల ఎత్తు, అన్నీ నిలువు పట్టీలు. అడ్డపట్టీలు పిల్లలకి నిచ్చెనలాంటివే. మూడేళ్ల పిల్ల పైనుంచి చూడలేదు, సందుల్లోంచి చూస్తుంది, అందుకే ఈ సందు కొలత ముఖ్యం. మూడున్నర అంగుళాలు దాటి తొమ్మిదికి లోపున్న ఏ సందైనా ప్రమాదమే: కాళ్లూ ఒళ్లూ జారిపోతాయి, తల ఇరుక్కుంటుంది. పట్టీ కొట్టేటప్పుడు మందం మూడంగుళాలు దాటని ఇటుకని మందంవైపు మధ్యలో పెట్టి కొట్టండి, సందు కూడా అంతే వస్తుంది, టేపు అక్కర్లేదు.

మెట్లకీ అదే నియమం. మొదటి దశకి ఆరేసి అంగుళాల మెట్లు రెండు చాలు. రెండో దశలో తొమ్మిది అంగుళాల మెట్లు పెడితే పలక మందం పోను సందు ఎనిమిది అంగుళాలే, మొదటి దశలో ఐదే, రెండిటికీ వెనకనుంచి పలక కొట్టి మూసెయ్యండి. మూడో దశకి అడుగుకొక అడ్డంతో నిచ్చెన. పట్టుకోడానికి అంగుళం జీఐ పైపు చిన్న చేతికి సరిగ్గా అమరుతుంది.

నాలుగడుగులకి ఎక్కించేరోజున మరో రెండు పనులుంటాయి. మంచె కింద మూడువైపులా గుణకారం గుర్తులా ఊతాలు కొట్టాలి, లేకపోతే పిల్లలు గెంతినప్పుడల్లా స్తంభాలు ఊగుతాయి. చుట్టూ ఆరడుగుల మేర తొమ్మిది అంగుళాల మందాన ఏటి ఇసుక పొయ్యాలి. రెండున్నర యూనిట్లు (యూనిట్ అంటే వంద ఘనపుటడుగులు) దాకా పడుతుంది, మొదటి దశలోనే తోలించక్కర్లేదు. క్రషర్ డస్టు చవకని పొయ్యకండి, రెండు వానలకి గచ్చులా గట్టిపడుతుంది.

వచ్చే పాఠానికి రేకులు కొనకముందే ముందు, వెనక స్తంభాల తలల మధ్య ఏటవాలు దూరం కొలిచి రాసిపెట్టుకోండి.