పాత వీధికి వెళ్తున్నారా? ఒక పెన్సిలు తీసుకెళ్లండి

చెన్నై త్యాగరాయనగర్‌లో పెరిగి ఇప్పుడు వేరే ఊళ్లలో ఉంటున్నవారు, ఈసారి అటు వెళ్లేటప్పుడు నాలుగైదు పాత ఫోటోలు, ఒక మెత్తటి పెన్సిలు వెంట పెట్టుకోండి. పొద్దున ఏడింటికల్లా పానగల్ పార్కు చేరుకోవాలి. (1921 నుంచి 1926 దాకా మద్రాసు ప్రభుత్వాన్ని నడిపిన ఆ పానగల్ రాజా మన తెలుగువారే.) పది దాటితే చీరల కొట్ల జనంలో నిలబడే చోటు ఉండదు.

మొన్న మా పెద్దత్తను తీసుకువెళ్లాను. మా ఇల్లున్న చోట ఇప్పుడు అపార్టుమెంటు. "పాత సంగతులు చెప్పు పెద్దత్తా" అంటే, "ఏమున్నాయిరా చెప్పడానికి" అంది. ఫోటో చేతికిచ్చి, "గడప పక్కన ఈ సొట్ట బిందె ఎవరిది?" అన్నాను. ఇక ఆగలేదు. నీళ్ల లారీ, బిందెల వరుస, వరుసలో మా నాన్న పెట్టుకున్న తగాదా, అన్నీ వచ్చాయి. కాబట్టి జ్ఞాపకాలు అడగకండి, వస్తువును అడగండి. ఫోనులో రికార్డింగు ముందే పెట్టుకోండి.

పేర్లు వెంటనే ఫోటో వెనక పెన్సిలుతో, ఒత్తకుండా రాయండి. బాల్‌పెన్ను వద్దు, గీత ముందుకు తేలుతుంది, సిరా పక్క ఫోటోకు అంటుకుంటుంది. నేను చిన్నప్పుడు రాసిన "1968" ఇప్పటికీ తాతయ్య నుదుటి మీద కనిపిస్తుంది. వెనక నున్నగా ఉండి పెన్సిలు పడకపోతే, కవరు మీద రాసి, ఆ తరువాత ఫోటోను అందులో పెట్టండి.