పనిచోట రొదను కొలవడం, చెవిని కాపాడటం ఎలా?

రొద వల్ల వచ్చే వినికిడి లోపం నొప్పి పెట్టదు, గాయంలా కంటికి కనబడదు. లోపలి చెవిలో శబ్దాన్ని గ్రహించే రోమకణాలు ఏళ్ల తరబడి ఒక్కొక్కటిగా దెబ్బతింటూ పోతాయి, మనిషిలో అవి తిరిగి పుట్టవు. అందువల్ల కార్మికుడు ఫిర్యాదు చేసేదాకా ఆగకూడదు. చేయి చాపినంత దూరంలో ఉన్న వ్యక్తితో గొంతు పెంచి మాట్లాడవలసి వస్తుంటే, అక్కడ రొద 85 డెసిబెల్స్ దాటి ఉండవచ్చని భావించి కొలతకు సిద్ధపడాలి.

కొలిచే ముందూ తరువాతా శబ్దమాపకాన్ని కాలిబ్రేటర్‌తో సరిచూసి, మనిషి చెవి వినే తీరుకు దగ్గరగా ఉండే ‘ఎ’ వెయిటింగ్‌లో, ‘స్లో’ స్పందనలో ఉంచి, పనిచేసే వ్యక్తి చెవి ఎత్తులో రీడింగ్ తీసుకోవాలి. ఒకే చోట నిలబడకుండా తిరుగుతూ పనిచేసేవారికి ఇది చాలదు; వారి భుజానికి డోసిమీటర్ (రొద మోతాదును కూడుతూ పోయే చిన్న పరికరం) తగిలించి షిఫ్టు మొత్తం కొలవాలి. తనిఖీ ఉందని సగం యంత్రాలు ఆపిన రోజున తీసిన కొలత కాగితానికే తప్ప దేనికీ పనికిరాదు.

అసలు లెక్క ఇక్కడే ఉంది. చెవికి హాని చేసేది శబ్ద తీవ్రత ఒక్కటే కాదు, తీవ్రతా వ్యవధీ కలిసిన మోతాదు. అమెరికాలోని వృత్తి భద్రతా పరిశోధన సంస్థ నియోష్ సిఫారసు ప్రకారం 85 డెసిబెల్స్ వద్ద 8 గంటలు గరిష్ఠ పరిమితి. ఆపై ప్రతి 3 డెసిబెల్స్‌కు వ్యవధి సగమవుతుంది. అంటే 88 వద్ద 4 గంటలు, 94 వద్ద ఒక గంట, 100 వద్ద 15 నిమిషాలే. ఒక కార్మికుడు 94 డెసిబెల్స్ గ్రైండర్ దగ్గర అరగంట, 88 డెసిబెల్స్ ప్రెస్ దగ్గర 2 గంటలు గడిపితే, ఒక్కొక్క చోట సగం చొప్పున ఆ రోజు మోతాదు 100 శాతానికి చేరినట్టే. మిగిలిన షిఫ్టంతా నిశ్శబ్దంగా ఉండే పనే అప్పగించాలి. అదే దేశపు చట్టబద్ధ పరిమితి 90 డెసిబెల్స్‌తో మొదలై 5 డెసిబెల్స్‌కు ఒకసారి సగమవుతుంది గనుక, 100 డెసిబెల్స్ వద్ద 2 గంటల పనిని అనుమతిస్తుంది. చట్టాన్ని పాటించడమూ చెవిని కాపాడటమూ ఒకటే అనుకునేవారు ఈ తేడాను ఒకసారి గమనించాలి.

మోతాదు మించితే వెంటనే ఇయర్ ప్లగ్‌లు పంచడం సులువే గాని, ముందు చూడవలసింది యంత్రాన్ని. వదులైన రేకులు బిగించడం, అరిగిన బేరింగులు మార్చడం, గాలి వదిలే గొట్టాలకు సైలెన్సర్ పెట్టడం, కంపించే పీఠం కింద రబ్బరు వేయడం వంటివి తక్కువ ఖర్చుతో అయ్యే పనులు. అయితే సమానంగా మోగే రెండు యంత్రాలలో ఒకదాన్ని ఆపితే తగ్గేది 3 డెసిబెల్సే కాబట్టి, అన్నిటికన్నా పెద్దగా మోగేదానితో మొదలుపెట్టాలి.

ఆ తరువాతే చెవి రక్షణ. స్పాంజి ప్లగ్‌ను సన్నగా నలిపి, రెండో చేతిని తల మీదుగా తెచ్చి చెవిని పైకీ వెనక్కీ లాగి, లోపల పెట్టి అది ఉబ్బేదాకా వేలితో పట్టి ఉంచాలి. ఎన్ని డెసిబెల్స్ తగ్గిస్తుందో చెప్పే పెట్టె మీది సంఖ్య ప్రయోగశాలలో వచ్చినది. వాడుకలో దక్కే రక్షణ సాధారణంగా అంతకంటే తక్కువ. పైగా 8 గంటల షిఫ్టులో అరగంటసేపు చెవి నుంచి తీసేస్తే, 30 డెసిబెల్స్ తగ్గించగల ప్లగ్ కూడా మొత్తం మీద 12 డెసిబెల్స్ రక్షణనే ఇస్తుంది. కాబట్టి తీయాలనిపించని, ఒరుసుకోని రకాన్ని కార్మికుడే ఎంచుకునేలా చూడాలి. అవసరానికి మించి మూసే రకం కూడా మంచిది కాదు, హెచ్చరిక గంటలు వినబడవు.

ఉద్యోగంలో చేరినప్పుడు, కనీసం 14 గంటలు రొదకు దూరంగా ఉంచిన తరువాత, మొదటి వినికిడి పరీక్ష చేయించి, ఏటా దానితో పోల్చాలి. రొద దెబ్బ ముందుగా పరీక్ష గ్రాఫులో 3000 నుంచి 6000 హెర్ట్జ్ (శబ్దపు స్థాయిని, అంటే సన్నదనాన్ని చెప్పే కొలత) మధ్య గుంటలా కనబడుతుంది, 8000 వద్ద వినికిడి మళ్లీ కొంత మెరుగ్గా ఉంటుంది. మామూలు మాటలు ఇంకా బాగానే వినబడే దశ అది. 2000, 3000, 4000 హెర్ట్జ్‌ల వద్ద సగటున 10 డెసిబెల్స్ క్షీణత కనబడితే, వయసు మీద నెపం వేయకముందే పరీక్ష మళ్లీ చేయించి, ప్లగ్ అమరికను, ఆ చోటి రొదను, అక్కడ వాడే టొల్యూన్, స్టైరీన్ వంటి చెవికి హాని చేసే ద్రావకాలను కలిపి పరిశీలించాలి.