వ్యాపారం బండికి బీమా – పాఠం 3: ప్రీమియం కంటే ముందు చదవాల్సిన పేరా

పోయిన పాఠంలో థర్డ్ పార్టీకీ (మన బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి బీమా), మన బండి నష్టాన్ని కూడా కలిపి జనం ‘ఫుల్ ఇన్సూరెన్స్’ అనే ప్యాకేజీ పాలసీకీ తేడా చూశాం. ఈ పాఠానికి మీ పాలసీ ఎదురుగా పెట్టుకోండి. ఫోన్‌లో పీడీఎఫ్ ఉన్నా చాలు.

అందులో ‘లిమిటేషన్స్ యాజ్ టు యూజ్’ అనే చిన్న పేరా వెతకండి. బండిని ఏ పనికి వాడితే కంపెనీ డబ్బు కడుతుందో, ఏ పనికి వాడితే కట్టదో తేల్చేది అదే. చాలామంది ప్రీమియం అంకె చూసి, సంతకం పెట్టి, ఈ పేరా జోలికే పోరు.

తెల్ల ప్లేటు కారు పాలసీలో ఆ పేరా చెప్పేదేమిటంటే, కిరాయికి తిప్పకూడదు, సరుకు మోయకూడదు, పందేలకు, బండ్ల అమ్మకాల వ్యాపారానికి వాడకూడదు. మిగతా దేనికైనా వాడుకోవచ్చు. సరుకులో కూడా శాంపిళ్లకు, సొంత లగేజీకి మినహాయింపు ఉంది. కాబట్టి మందుల రెప్రజెంటేటివ్ డిక్కీ నిండా శాంపిళ్లు వేసుకుని విజయవాడ నుంచి గుంటూరు పోయినా ఇబ్బంది లేదు, అది వ్యాపారం పనే అయినా సరే. అదే కారులో వెనక సీటు మడిచి, కొట్లకు బిస్కెట్ అట్టపెట్టెలు వేస్తే పాలసీ దాటినట్టే. పెళ్లిళ్ల సీజన్లో తెలిసినవాళ్లకి కిరాయికిచ్చినా అంతే. చూడాల్సింది వ్యాపారమా కాదా అని కాదు, కిరాయి ఉందా, సరుకు ఉందా అని.

‘మన కొట్టు సరుకే కదండీ, ఎవరడుగుతారు’ అని ఏజెంటు అనొచ్చు. మామూలు రోజుల్లో నిజంగానే ఎవరూ అడగరు. గుద్దుకున్న రోజు మాత్రం ఎఫ్‌ఐఆర్‌లో ‘సరుకుతో వెళ్తుండగా’ అని ఒక్క ముక్క పడితే, కంపెనీ సర్వేయరు ముందు దాన్నే పట్టుకుంటాడు.

ఈ దొంగాటకి మూలం ధరలో తేడా. 2022 జూన్ 1 నుంచి అమలైన రేట్లలో, 1,000 నుంచి 1,500 సీసీ సొంత కారుకు ఏడాది థర్డ్ పార్టీ 3,416 రూపాయలు. అదే ట్యాక్సీ అయితే 7,940, పైగా ఒక్కో ప్రయాణికుడికి 978. మొత్తం బరువు 7,500 కిలోలు దాటని, కిరాయికి తిరిగే సరుకు బండికి 16,049. పన్ను వీటికి అదనం. ఈ రేట్లు ప్రభుత్వం నిర్ణయించినవి, ఏ కంపెనీ దగ్గరికి వెళ్లినా ఒకటే. బేరం ఆడాల్సింది ఓన్ డ్యామేజ్, అంటే మన బండికే జరిగే నష్టానికి కట్టే భాగంలోనే.

ఇప్పుడు పసుపు ప్లేటు బళ్ల దగ్గరికి వద్దాం. టాటా ఏస్, బొలేరో పికప్ లాంటివి ఉన్నవాళ్లు ఇక్కడ నెమ్మదిగా చదవండి. ప్యాకేజీ పాలసీ తీసుకున్నా, బండి పూర్తిగా తుక్కయితే తప్ప లైట్లు, టైర్లు, మడ్‌గార్డులు, బంపరు, బానెట్, పక్క భాగాలు, రంగు ఖర్చు రాదు. సందులో గోడకి గీసుకున్నా, ముందు బండిని తాకినా మొదట పోయేవి ఇవేగా! ఇవి కూడా కావాలంటే ‘ఐఎంటీ 23’ అనే అదనపు కవర్ తీసుకోవాలి. దానికి ఓన్ డ్యామేజ్ ప్రీమియంపై 15 శాతం ఎక్కువ కట్టాలి. ఆ ప్రీమియం 6,000 అనుకుంటే, అదనంగా 900. కొటేషన్ చవగ్గా కనిపించడానికి ముందు ఎగిరిపోయేది ఈ లైనే. రెండు కొటేషన్లు పోల్చేటప్పుడు రెండింట్లోనూ ఐఎంటీ 23 ఉందో లేదో చూడకపోతే ఆ పోలిక దండగ. నన్నడిగితే, పట్నంలో రోజూ లోడు దింపే బండికి ఇది తప్పనిసరి.

మనుషుల సంగతి. జీతం డ్రైవరుకి, క్లీనరుకి లీగల్ లయబిలిటీ (వాళ్లకేమైనా అయితే ఓనరు చట్టప్రకారం ఇవ్వాల్సిన పరిహారానికి కవర్) ప్రీమియం తలకు 50 రూపాయలు. అడిగి మరీ వేయించండి. సరుకు యజమాని గానీ, ఆయన తరఫు మనిషి గానీ బండిలో వస్తే, మోటారు వాహనాల చట్టానికి 1994లో చేసిన సవరణ తర్వాత చట్టప్రకారం వాళ్లు కవర్‌లోనే ఉంటారు. తిరునాళ్లకని, పెళ్లికని వెనక ఎక్కించుకున్న జనం ఉండరు. వాళ్లకేమైనా అయితే పరిహారం భారం చివరికి ఓనరు నెత్తినే పడొచ్చు.

అభ్యాసం: పోయిన నెలలో మీ బండి చేసిన పనులన్నీ ఒక కాగితం మీద రాయండి. ఎవరి సరుకు, ఎవరి మనుషులు, డబ్బు తీసుకున్నారా లేదా. పక్కన పాలసీలోని ఆ పేరా పెట్టుకుని ఒక్కో పనికి టిక్కో, ఇంటూనో కొట్టండి. ఇంటూ ఒక్కటి పడినా, రెన్యువల్ దాకా ఆగకుండా కంపెనీకి ఫోన్ చేయండి. ఇంకో లెక్క: విత్తనాల డీలరు తన బస్తాలు తన పికప్‌లోనే తోలుకుంటాడు, పైసా కిరాయి తీసుకోడు. అతనికి ఏ పాలసీ కావాలి? సొంత సరుకైనా అది గూడ్స్ బండే అన్నది గుర్తుపెట్టుకుని జవాబు రాయండి.

వచ్చే పాఠంలో ఐడీవీ, అంటే పాలసీలో బండికి వేసే విలువ. మూడేళ్ల పాత బండికి కంపెనీ ఎంత విలువ కడుతుందో, దాన్ని తగ్గించి ప్రీమియం ఆదా చేస్తే ఎక్కడ దెబ్బ తగులుతుందో చూద్దాం.