క్రాసింగ్ అయింది, చూడి నిలవలేదు: తేడా మగకుక్కలోనేనా?

ఒంగోలు గిత్తల నేల మనది. ఆబోతు వీర్యం ఎలాంటిదో ఆరా తీయకుండా ఆవును చూపించం. కుక్క దగ్గరికొచ్చేసరికి మాత్రం "లాక్ పడింది కదా (రెండూ కాసేపు అతుక్కుపోయాయి కదా), ఇంకేం" అనేస్తాం. నేనూ అలాగే అన్నాను. కావలిలో మా మగ లాబ్రడార్‌కి జులైలో చేయించిన రెండు క్రాసింగులూ పోయాక గానీ తెలిసిరాలేదు.

లాక్ పడింది, పిల్లల్లేవు

ముందు అనుమానించాల్సింది తేదీని. బ్లీడింగ్ మొదలైన పదో రోజో పన్నెండో రోజో అని లెక్కగట్టి ఆడకుక్కను తీసుకొస్తారు. కొన్నిటికి అండం అంతకంటే ముందే విడుదలవుతుంది, కొన్నిటికి చాలా ఆలస్యమవుతుంది. విడుదలయ్యాక పక్వానికి రావడానికి ఇంకో రెండు రోజులు కావాలి. రక్తంలో ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ రెండు మూడు సార్లు చూపించుకుంటే సరైన రోజు దొరుకుతుంది.

తేదీ సరిగ్గానే ఉన్నా నిలవలేదంటే అప్పుడు వీర్య పరీక్ష. పాలలా తెల్లగా ఉంటే మంచిదని కంటితో చెప్పేవాళ్లను నమ్మకండి, మైక్రోస్కోపు కింద చూడాల్సిందే. కదిలే వీర్యకణాలు 70 శాతం దాటాలి, ఆకారం సరిగ్గా ఉన్నవీ దాదాపు అంతే ఉండాలి. లాబ్రడార్ సైజు కుక్కకి మొత్తం లెక్క 30 కోట్లు దాటితే నిశ్చింత. చాలా నెలలు ఖాళీగా ఉన్న కుక్క మొదటి శాంపిల్లో చచ్చిన కణాలు ఎక్కువ ఉంటాయి, కొద్ది రోజులాగి మళ్లీ తీయించండి. శాంపిల్ పట్టే గొట్టంలో నీటి చుక్క ఉన్నా కణాలు చచ్చిపోతాయి. మా ఊళ్లో మొదటిసారి తీసిన శాంపిల్ అలాగే పాడైంది.

రిపోర్టు బాగోలేదా? నిన్న ఏం తిన్నదని కాదు, రెండు నెలల కిందట ఏం జరిగిందని గుర్తు చేసుకోండి. వృషణాల్లో కణం తయారవడానికే సుమారు 62 రోజులు, ఆ తర్వాత బయటికొచ్చే దారిలో ముదరడానికి ఇంకో రెండు వారాలు పడుతుంది. మా వాడు రోహిణి కార్తెలో సిమెంటు రేకుల షెడ్డు కింద ఉన్నాడు, అప్పుడే పిడుదుల జ్వరం కూడా తగిలింది. జులై రిపోర్టులో కనిపించింది ఆ వేడే. దురదకని వాడే స్టెరాయిడ్ ఇంజక్షన్లు కూడా ఇదే పని చేస్తాయి. అలాగని మందు మీరే ఆపేయకండి, డాక్టర్‌నడిగి మార్పించండి.

పరిష్కారం: నీడ, నీళ్లు, పిడుదుల మందు, ఆపైన ఓపిక. రెండున్నర నెలలాగి మళ్లీ పరీక్ష. ఏ టానిక్కూ ఈ గడువును తగ్గించదు. మేం డబ్బాలు డబ్బాలు పోశాం, డబ్బులు పోయాయి. అక్టోబరు శాంపిల్ దానంతటదే బాగుపడింది.

బీజం ఒక్కటే దిగింది

వయసు ఆరు నెలలు నిండినా రెండోది దిగకపోతే ఇక దిగదనే అనుకోవచ్చు. ఒక్కదానితోనూ పిల్లలు పుడతాయి, కానీ ఈ లోపం వంశంలో నడుస్తుంది. పైగా లోపల ఉండిపోయినదానికి గడ్డ వచ్చే ప్రమాదం ఎక్కువ. క్రాసింగ్ మానేసి రెండూ తీయించేయండి.

అంగం నుంచి రక్తపు చుక్కలు

ముసలి కుక్కయితే ప్రోస్టేట్ వాపు కావచ్చు. వీధుల్లో తిరిగొచ్చేదైతే కాలీఫ్లవర్ లాంటి గడ్డ ఉందేమో చూడండి, అది క్రాసింగ్‌తో అంటుకునే కణితి. వారానికొకటి చొప్పున కొన్ని వారాలు విన్‌క్రిస్టిన్ ఇంజక్షన్లు వేస్తే చాలావరకు నయమవుతుంది.

వృషణాలు వాచాయి, కట్టించిన ఆడకుక్క ఏడెనిమిది వారాల్లో ఈచుకుపోయింది

బ్రూసెల్లా అనే బ్యాక్టీరియా జబ్బు కావచ్చు. ఆ రోజే క్రాసింగులు ఆపి, కుక్కను విడిగా కట్టేసి రక్త పరీక్ష చేయించండి. మనుషులకూ అంటుతుంది కాబట్టి పడిపోయిన పిల్లల్ని, మాయను ఒట్టి చేతులతో ముట్టుకోవద్దు. యాంటీబయాటిక్స్‌తో పూర్తిగా పోతుందన్న భరోసా లేదు. నెల్లూరు వైపు వాళ్లు ఇలాంటి పరీక్షల గురించి తిరుపతి పశువైద్య కళాశాలలో అడగొచ్చు. క్రాసింగ్‌కి ఎంత తీసుకుంటారని అడిగే ఫోన్లే నాకింకా వస్తున్నాయి. బ్రూసెల్లా రిపోర్టు ఉందా అని ఇప్పటిదాకా ఒక్కరే అడిగారు.