నోటి పుండ్లకు మౌత్‌వాష్ వాడే పద్ధతి

పొరపాటున బుగ్గ కొరుక్కున్నా, కట్టుడు పళ్ల అంచు ఒరుసుకున్నా, పళ్లకు వేసిన క్లిప్పుల తీగ గీసుకున్నా నోటిలోని పలుచని పొర చిట్లి మండుతుంది. అలాంటి చిన్న గాయం తనంతట తాను మానేలోగా అక్కడ సూక్ష్మజీవులు పెరగకుండా చూడటమే క్రిమినాశక మౌత్‌వాష్ చేసే పని. ఒరుసుకునే అంచును దంతవైద్యుని చేత సరిచేయించుకోకుండా ఎన్నాళ్లు పుక్కిలించినా పుండు మళ్లీ రేగుతూనే ఉంటుంది.

మందును బట్టి వాడే తీరు మారుతుంది కనుక ముందు సీసా మీది వివరాలు చదవాలి. ఎక్కువగా వాడే క్లోర్‌హెక్సిడిన్ 0.12 లేదా 0.2 శాతం ద్రావణంగా దొరుకుతుంది. 0.2 శాతం మందైతే సాధారణంగా 10 మి.లీ. కొలిచి నోట్లో పోసుకుని, పుండు ఉన్న చోటికి చేరేలా బుగ్గలు కదిలిస్తూ ఒక నిమిషం పుక్కిలించి, మింగకుండా పూర్తిగా ఉమ్మివేయాలి. రోజుకు రెండుసార్లు చాలు. నోరు చేదుగా ఉందని వెంటనే నీళ్లతో కడిగేసుకుంటే, పళ్లకూ చిగుళ్లకూ అంటుకుని గంటల తరబడి పనిచేయవలసిన మందు కొట్టుకుపోతుంది.

చాలామంది పొరబడేది పళ్లు తోముకునే వేళ విషయంలో. టూత్‌పేస్టులో నురుగు కోసం కలిపే సోడియం లారిల్ సల్ఫేట్ క్లోర్‌హెక్సిడిన్ శక్తిని తగ్గిస్తుంది. అందుచేత పళ్లు తోముకున్నాక నోరు బాగా కడుక్కుని, కనీసం అరగంట ఆగి మందు వాడాలి. వారాల తరబడి వాడితే పళ్లపైన, నాలుకపైన గోధుమరంగు మరకలు పడతాయి, రుచి కూడా కొంతకాలం మారుతుంది. టీ, కాఫీలు ఆ మరకలను మరింత పెంచుతాయి. వైద్యుడు చెప్పనిదే దీన్ని రోజువారీ అలవాటుగా చేసుకోవడం సరికాదు.

హైడ్రోజన్ పెరాక్సైడ్ వాడదలిస్తే 3 శాతం ద్రావణంలో దానికి సమానమైన కొలత నీళ్లు కలపాలి. అంతకంటే గాఢమైనది నోటికి పనికిరాదు. గాయానికి తగలగానే వచ్చే నురుగు, మందు విడిపోయి ఆక్సిజన్ వెలువడటం వల్ల ఏర్పడేదే కాబట్టి కంగారు పడనవసరం లేదు. అయొడిన్ ఉండే మరో క్రిమినాశక మందైన పావిడోన్ అయొడిన్‌ను మాత్రం థైరాయిడ్ సమస్య ఉన్నవారు, గర్భిణులు వైద్యుణ్ణి అడగకుండా ముట్టుకోకూడదు. ఆల్కహాల్ కలిసిన మౌత్‌వాష్ పుండును మండించి నోటిని మరింత ఆరిపోయేలా చేస్తుంది కాబట్టి, అది లేనిదే ఎంచుకోవడం మేలు. ఇవేవీ అందుబాటులో లేనప్పుడు గ్లాసు గోరువెచ్చని నీటిలో అర చెంచా ఉప్పు కలిపి పుక్కిలించినా చిన్న గాయానికి ఉపశమనం దొరుకుతుంది. నిజానికి చాలాసార్లు నేను ముందుగా సూచించేది దీన్నే.

ఆరేళ్లలోపు పిల్లలు పుక్కిలించిన మందును మింగేసే ప్రమాదం ఉంది కనుక వారికి వైద్యుని సలహా లేకుండా ఇవ్వకూడదు. మందు వాడాక దద్దుర్లు, పెదవుల వాపు, ఊపిరాడకపోవడం వంటివి కనిపిస్తే క్షణమైనా ఆలస్యం చేయక ఆసుపత్రికి చేరాలి. మామూలు నోటిపూత ఒకటి రెండు వారాల్లో తగ్గిపోతుంది. మూడు వారాలు దాటినా మానని పుండును, నొప్పి లేకపోయినా సరే, దంతవైద్యునికి తప్పక చూపించుకోవాలి. నోటి క్యాన్సర్ తొలిదశలో నొప్పి లేని పుండుగానే కనిపించవచ్చు.