ఉద్యోగం పోకుండా, ఇంట్లో గొడవ కాకుండా ఎన్నికల పని చేయడం ఎలా

2024 ఏప్రిల్ నాటికి నేను ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ సపోర్టు, మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 11 దాకా షిఫ్ట్. మే 13న పోలింగ్ అనగానే మేనేజర్‌ని అడిగి, ఆరు వారాలు ఇంటి నుంచే పని చేస్తానని ఆంధ్రలో మా ఊరు చీరాల వచ్చేశాను. ఏ పార్టీకి పని చేశానన్నది ఇక్కడ అనవసరం. ఏ జెండా అయినా పని ఇదే.

పార్టీ ఆఫీసుకి వెళ్ళకముందే ఇంట్లో మాట్లాడుకోండి. మాది బట్టల కొట్టు. పెళ్ళి బట్టలకి రెండు పార్టీల వాళ్ళూ మా దగ్గరికే వస్తారు, ఇద్దరికీ ఖాతాలున్నాయి. నాన్న కాదనలేదు. "ఊరంతా తిరుగు తల్లీ, మన కొట్టున్న వీధిలో మాత్రం తిరగబాక" అన్నాడు. అమ్మ భయం వేరు. కండువా వేసుకున్న ఫొటో ఎక్కడైనా పడితే సంబంధాల వాళ్ళు చూస్తారని. సరే, కండువా లేదు, ఫొటో లేదు, పక్కింటి పిన్ని లేకుండా గడప దాటేది లేదు అని ఒప్పుకున్నాను. ఈ షరతులు నాకే కలిసొచ్చాయి. కండువా లేని పిల్లతో జనం మనసు విప్పి మాట్లాడతారు.

తర్వాత ఆఫీసు. చేరినప్పుడు సంతకం పెట్టిన కాగితాలు తీసి చదవండి. కంపెనీ ల్యాప్‌టాప్, కంపెనీ మెయిల్, కంపెనీ పేరు ఈ పనిలోకి రానివ్వకండి. ప్రభుత్వ ఉద్యోగం వచ్చినవాళ్ళు అసలు దిగకండి, రూల్స్ ఒప్పవు. నేను మేనేజర్‌కి రెండు లైన్ల మెయిల్ పెట్టాను: ఊళ్ళో ఎన్నికల పని చేస్తున్నాను, షిఫ్ట్‌కి అడ్డు రాదు అని. అడ్డు వచ్చింది. ఒకరోజు సాయంత్రం క్లయింటుతో కాల్‌లో ఉండగా ప్రచారం ఆటో మా కిటికీ కింద ఆగి పాట అందుకుంది. పైగా అది అవతలి పార్టీ ఆటో. అప్పటినుంచి కాల్స్ అన్నీ కొట్టు వెనక గోదాములో, చీరల మూటల మధ్య. చెమట కారేది కానీ పాట వినపడేది కాదు.

పార్టీ ఆఫీసులో చదువుకున్న పిల్ల అనగానే వాట్సాప్ గ్రూపులు చూసుకోమంటారు, లేదా ర్యాలీకి రమ్మంటారు. రెండిట్లోనూ వంద మంది ఉంటారు. మీరు ఒక్క బూత్ అడగండి. ఆ బూత్ ఓటర్ల జాబితా ప్రింటు, ఒక అట్ట, మూడు రంగుల పెన్నులు చాలు. ఊళ్ళో ఉన్నవాళ్ళకి నీలం, బయటికి వెళ్ళినవాళ్ళకి ఆకుపచ్చ, చనిపోయినవాళ్ళకి ఎరుపు.

ఆ ఎరుపు పెన్ను ఎందుకో మొదటి రోజే తెలిసింది. మా చీరాలని ఆనుకునే ఉండే పేరాలలో ఒక ఇంటి ముందు నిలబడి జాబితాలో ఉన్న పేరు గట్టిగా చదివి, "ఉన్నారా అండీ?" అన్నాను. లోపలినుంచి వచ్చినావిడ కాసేపు నా మొహం చూసి, "ఆయన పోయి మూడేళ్ళయిందమ్మా" అంది. పిన్ని నా చేతిలో అట్ట లాక్కుంది. అందుకే ఇంటికి వెళ్ళేముందు ఆ వీధి మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని జాబితా అంతా ఒకసారి చదివించుకోండి. ఇంకో మాట: ఆంధ్రలో అప్పుడు "వాలంటీర్‌ని" అని పరిచయం చేసుకోవడం అంత తెలివితక్కువ పని లేదు. అప్పటిదాకా ఇంటింటికీ పింఛన్లు పంచిన ప్రభుత్వ వార్డు వాలంటీర్లని మార్చి ఆఖర్లో ఎన్నికల సంఘం ఆ పంపిణీకి దూరం పెట్టింది. ఒక అవ్వ నన్ను కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి, పింఛను డబ్బులేవని అడిగింది.

ఏప్రిల్ ఎండకి ఉదయం ఆరున్నర నుంచి పదింటిదాకే తిరగాలి. మా వైపు నేతగాళ్ళ ఇళ్ళలో ఆ వేళకే మగ్గం నడుస్తుంటుంది. మగ్గం గుంటలో కూర్చున్న మనిషిని పైకి లేపకూడదు. గడపలో నిలబడి, అడ్డనూలు వేసే నాడె అటూ ఇటూ పరిగెత్తడం చూస్తూ ఉండండి. అందులోని నూలు కండె అయిపోయి కొత్తది పెట్టుకునేటప్పుడు ఆయనే తలెత్తుతాడు. అదే మీ అర నిమిషం. కరపత్రం చదవబోకండి. "మీ అబ్బాయి ఓటు ఇక్కడే ఉందా?" అని అడగండి. నేను అడిగినవాటిల్లో బాగా పనికొచ్చిన ప్రశ్న అదే. 1921లో మునిసిపాలిటీ పన్నుకి ఎదురు తిరిగి, స్వాతంత్ర్య సమరయోధుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట ఊరే ఖాళీ చేసిపోయిన మనుషుల మనవలు వీళ్ళు. రాజకీయం మీరు నేర్పక్కర్లేదు.

కొత్త ఓటుకి ఫారం 6, చిరునామా మార్పుకి ఫారం 8. నామినేషన్ల గడువుకి పది రోజుల ముందే ఇవ్వాలి. మాకు ఏప్రిల్ 15తో ఆ తలుపు మూసుకుపోయింది. 17న వచ్చి అడిగిన ఇద్దరు పిల్లలకి ఏమీ చేయలేకపోయాను. ఆకుపచ్చ పేర్లకి ఫోన్లు ముందే చేయాలి. శని, ఆదివారాలు, సోమవారం పోలింగ్ సెలవు కలిసొచ్చేసరికి సికింద్రాబాద్ నుంచి రైళ్ళలో బెర్తులు లేవు. టికెట్ డబ్బులు అడిగినవాళ్ళకి కుదరదని చెప్పాను.

డబ్బు మాట వచ్చింది కాబట్టి: ఆఖరి రెండు రాత్రుల్లో ఎవరో ఒకరు మీ జాబితా అడుగుతారు. ఇంటికి ఎన్ని ఓట్లో అందులోనే ఉంటుంది కదా. ఇవ్వకండి. ఓటుకి డబ్బు ఇచ్చినవాడిదీ పుచ్చుకున్నవాడిదీ నేరమే. నేను జాబితా అమ్మ బీరువాలో పెట్టి తాళం వేయించాను. దానికి నా మీద అలిగినవాళ్ళు ఇప్పటికీ మాట్లాడరు.

బూత్‌లో అభ్యర్థి తరఫున పోలింగ్ ఏజెంటుగా కూర్చునే అవకాశం వస్తే వదులుకోకండి. ఏజెంటుగా నియమించే కాగితం, ఫారం 10, ముందు రోజే చేతికి తెచ్చుకోండి. ఉదయం 5:30కి మాక్ పోల్, అంటే యంత్రం సరిగ్గా పనిచేస్తుందో లేదో చూసే ఉత్తుత్తి పోలింగ్; కనీసం 50 ఓట్లు వేసి చూపిస్తారు. అయ్యాక వాటిని క్లియర్ చేశారా, ఓటు ఎవరికి పడిందో చూపే వీవీప్యాట్ స్లిప్పులు బయటికి తీశారా అన్నది కళ్ళారా చూడండి. ఫోన్ లోపలికి రాదు, కాబట్టి చేతి గడియారం, నీళ్ళ సీసా, ఏదైనా టిఫిన్ పెట్టుకోండి. సాయంత్రం 6కి వరసలో ఉన్నవాళ్ళందరికీ చివరినుంచి స్లిప్పులిస్తారు. మా బూత్‌లో ఆ వరస రాత్రి దాకా కదిలింది. ఎంత నీరసంగా ఉన్నా, పోలైన ఓట్ల లెక్క ఉండే ఫారం 17సి కాపీ తీసుకోకుండా లేవకండి.

నేను అది మడిచి పట్టుకుని బయటికి వచ్చేసరికి పదిన్నర. నాన్న స్కూటర్ మీద కూర్చుని ఉన్నాడు, ఎన్ని ఓట్లు పడ్డాయని అడిగాడు, ఎవరికని అడగలేదు. పోలింగ్ మర్నాటికి కూడా సెలవు పెట్టుకోండి. నేను పెట్టుకోలేదు, మంగళవారం కాల్ మధ్యలో మూటల మీద నిద్రపోయాను.