ఇంటి గోడపై ఆకృతులు – 3వ పాఠం: సందు చుక్కలతో షడ్భుజి

గత రెండు పాఠాలలో చతురస్రాన్నీ వృత్తాన్నీ గోడపైకి ఎక్కించాం కనుక, ఈసారి షడ్భుజిని తీసుకుందాం. భుజాలూ కోణాలూ సమానంగా ఉన్న ఆకృతులలో, ఒకే ఆకృతిని పేర్చుకుంటూ పోయి గోడను ఖాళీ లేకుండా నింపగలిగేవి మూడే ఉన్నాయి: సమబాహు త్రిభుజం, చతురస్రం, షడ్భుజి. చతురస్రాల వరుసలో ఒకటి లోపిస్తే అక్కడేదో ఊడిపోయినట్టు కనిపిస్తుంది. షడ్భుజుల గుంపును ఎక్కడ ఆపినా, ఎటు పెంచినా, కావాలనే అలా వదిలినట్టు ఉంటుంది. అందువల్ల చెన్నై ఫ్లాట్లలో గుమ్మం పక్కన మిగిలే ఇరుకు గోడకు దీనికి మించినది లేదని నా అభిప్రాయం.

దీనిని గీయడానికి వృత్తలేఖిని అక్కరలేదు. ధనుర్మాసంలో ఈ నగరంలో ఏ వీధిలోకి వెళ్లినా, అది తెలుగువారి వాకిలైనా తమిళుల వాకిలైనా, సందు చుక్కల ముగ్గు కనిపిస్తుంది. కింది వరుసలోని రెండు చుక్కల మధ్య సందుకు ఎదురుగా పై వరుస చుక్కను పెట్టే ఆ పద్ధతే మన గోడకూ సరిపోతుంది. అయితే ముగ్గులో వరుసల దూరాన్ని చేతివాటమే తేలుస్తుంది. గోడపై మాత్రం కొలత తప్పనిసరి. చుక్కకూ చుక్కకూ మధ్య 15 సెంటీమీటర్లు ఉంటే వరుసకూ వరుసకూ మధ్య 13 సెంటీమీటర్లు ఉండాలి. వేరే పరిమాణం కావాలనుకునేవారు చుక్కల దూరాన్ని 0.866తో హెచ్చవేస్తే వరుసల దూరం వస్తుంది. ఇప్పుడు ఒక చుక్కను కేంద్రంగా ఎంచుకుని, దాని చుట్టూ ఉన్న ఆరు చుక్కలను కలిపితే 30 సెంటీమీటర్ల వెడల్పు, 26 సెంటీమీటర్ల ఎత్తు గల షడ్భుజి ఏర్పడుతుంది. కేంద్రానికి నిట్టనిలువుగా రెండు వరుసల పైనున్న చుక్క, దాని మీది షడ్భుజికి కేంద్రం అవుతుంది.

మొదటి వరుసను రసమట్టంతో (బుడగను చూసి మట్టం తేల్చే పనిముట్టు) గానీ, నీళ్లు నింపిన సన్నని పారదర్శక గొట్టంతో గానీ సరిచూసుకోవాలి. నేల నుంచి కొలుచుకుంటూ పోతే నేలలోని వాలంతా గోడపైకి ఎక్కుతుంది.

ఇక ఏ గడికి ఏ పని అప్పగించాలన్నది అసలైన ఆట. గుమ్మానికి దగ్గరగా, చేతికందే ఎత్తులో ఉన్న గడికి తాళంచెవుల కొక్కేలు బిగించవచ్చు. పిల్లల భుజాల ఎత్తులో ఉన్న దానికి బ్లాక్‌బోర్డు పెయింటు వేస్తే, మిగిలిన గోడపై గీతలు కొంతైనా తగ్గుతాయి. ఇంకొక గడిలో జీఐ రేకు (జింకు పూత పూసిన ఇనుప రేకు) అతికిస్తే కరెంటు బిల్లునూ పాల లెక్కనూ అయస్కాంతంతో నిలపవచ్చు. అల్యూమినియం రేకుకు అయస్కాంతం అంటదు కనుక, దుకాణానికి ఒక చిన్న అయస్కాంతాన్ని వెంట తీసుకువెళ్లడం మంచిది. చెక్క గూడు చేయించేవారు సమతలమైన భుజం అడుగున ఉండేలా చూసుకోవాలి, ఎందుకంటే మొన అడుగుకు వస్తే పెట్టిన వస్తువులన్నీ మధ్యకు జారి ఒరిగిపోతాయి. ఈ గూటికి ఆరు పలకలూ సమానంగా ఉండి, ప్రతి పలక చివరా నిటారు కోత నుంచి 30 డిగ్రీలు వాలుగా కోయబడాలి. స్విచ్‌బోర్డుకు సరిగ్గా పైనా కిందా వైరు గొట్టం గోడలోపల పోతూ ఉండవచ్చు కనుక అక్కడ రంధ్రం వేయకూడదు. అద్దె ఇంట్లో ఉండి, మేకు కొట్టవద్దని యజమాని ముందే చెప్పి ఉంటే, ఈ గళ్లన్నిటినీ ఒక ప్లైవుడ్ పలకపై అమర్చి గోడకు ఆనించి నిలబెట్టుకోవచ్చు. అయితే పిల్లలున్న ఇంట్లో అది ముందుకు పడకుండా అడుగునా పక్కనా బరువైన సామాను ఆసరాగా ఉండాలి.

రంగుల విషయానికి వస్తే, షడ్భుజుల గోడ ఎంత పెద్దదైనా మూడు రంగులు చాలు. పక్కపక్క గళ్లకు ఒకే రంగు పడకుండా ఎప్పుడూ అమర్చవచ్చు. ఆ మూడింటిలో ఒకటి గోడకు ఇప్పటికే ఉన్న రంగునే చేసుకుంటే పని రెండు విడతలతో ముగుస్తుంది. ఒకే రంగు గళ్లు ఒకదాని అంచును ఒకటి తాకవు కాబట్టి, వాటన్నిటికీ ఒకేసారి మాస్కింగ్ టేపు అంటించవచ్చు. టేపు అంచును గోరుతో గట్టిగా నొక్కిన తరువాత, వెంటనే కొత్త రంగు వేయకుండా, ముందు టేపు కింద ఉన్న రంగునే అంచు వెంబడి పలచగా పూయాలి. టేపు కిందికి ఊరేది ఆ పాత రంగే కనుక కంటికి కనిపించదు, సందు మూసుకుపోయి కొత్త రంగు లోపలికి పోదు. అది ఆరాక కొత్త రంగు వేసి, చివరి పూత ఇంకా కాస్త తడిగా ఉండగానే టేపును దానిమీదికే మడిచి నెమ్మదిగా లాగాలి. పూర్తిగా ఆరనిస్తే రంగు పొర కూడా టేపుతో పాటు చిరిగి లేస్తుంది.

అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వానలకు బయటి గోడలు చెమ్మ పట్టి ఉంటాయి కనుక ఆ నెలలలో లోపలి గోడలనే ఎంచుకోవాలి. చెమ్మ మీద వేసిన పుట్టీ పొంగి రాలుతుంది, దానితో పాటే రంగూ పోతుంది.

వచ్చే పాఠం త్రిభుజం గురించి. గూటి పలకల నుంచి మిగిలిన ముక్కలను పారవేయకుండా ఉంచితే, మూలకు అమరే అరను వాటితోనే చేద్దాం.